మధ్యరకం హెడ్‌ఫోన్లు

గవర్రాజు నిలువునా ముంచాడు. ఆ పేరు వినపడితే చాలు, బుల్లియ్య ఇప్పటికీ ఉమ్మేస్తాడు.

నెత్తిన పొద్దస్తమానం సరుకుల డ్రోన్లు రొద పెట్టే రోజులొచ్చాక హెడ్‌ఫోన్లు లేకుండా గడప దాటేవాడే లేడు. బుల్లియ్యవి పాడైతే గవర్రాజు కొట్టుకెళ్లాడు.

"చవకవి పెట్టుకుంటే పిడుగు పడ్డా తెలీదు బాబాయ్. ఖరీదువి నీ వల్ల కాదు. ఈ మధ్యరకం పట్టుకెళ్లు. విన్న చప్పుడే మళ్లీ వత్తే మింగేత్తాయి, మాటలు మాత్రం వదుల్తాయి" అన్నాడు గవర్రాజు.

తీరా చూస్తే ఒకసారి విన్న మాటనీ అవి మింగేసేవి. ఇంట్లో మంగాయమ్మ "అన్నం తిను" అని రెండోసారి అంటే మొగుడికి వినపడేది కాదు. "చల్లారిపోతంది", "కుక్కకి పెట్టేత్తాను" అంటూ మాట మార్చి పిలవడం ఆవిడ నేర్చుకుంది.

అప్పు కింద బ్యాంకు జప్తు చేసిన తండ్రి పొలం వేలానికొచ్చింది. బుల్లియ్య పాడిగేదెల్ని అమ్మి ఆ డబ్బుతో వెళ్లాడు. అవతలివాడు పాట పెంచాడు. గుమస్తా "పద్నాలుగు లక్షలు, ఒకటోసారి" అన్నాడు. రెండోసారి అనగానే పైపాట పాడదామని బుల్లియ్య చెవులు రిక్కించాడు. ఒక్క అంకె తప్ప అంతా అదే మాట కాబట్టి, రెండోసారినీ మూడోసారినీ హెడ్‌ఫోన్లు మింగేశాయి. సుత్తి దెబ్బ ఒక్కటే వినపడింది.

"గుమస్తాని మాట మార్చి చెప్పమనాల్సింది బాబాయ్" అన్నాడు గవర్రాజు, బుల్లియ్య నేరుగా కొట్టుకొచ్చి నిలదీస్తే.

"వేలం గుమస్తా నా పెళ్లామట్రా, మాట మార్చి పిలవడానికి!"

బుల్లియ్య హెడ్‌ఫోన్లు గల్లాపెట్టె మీద విసిరికొట్టాడు. గవర్రాజు నింపాదిగా వాటిని తిప్పి చూసి, గ్యారంటీ ఉంది, కొత్తవి ఇస్తానన్నాడు.

పోయింది ఎకరం పదకొండు సెంట్లు.