ఆదివారం రిపేరు

ఆదివారం సాయంత్రం. మళ్లీ నెట్ పోయింది.

"అయిపోయింది! గెలిచే ఆట పోయింది!" అంటూ మనవడు ఒక గదిలోంచి ఊడిపడ్డాడు. ఇంకో గదిలోంచి మనవరాలు, చెవిలో వైర్లతో సహా వచ్చింది. సగంలో ఆగిన సీరియల్‌ని తిట్టుకుంటూ ఇల్లాలు వచ్చింది. అందరికన్నా చివర ఇంటాయన, లాప్‌టాప్ చంకన పెట్టుకుని చిర్రుబుర్రులాడుతూ వచ్చాడు.

హాల్లో నానమ్మ ఒక్కతే సంబరంగా ఉంది. "అబ్బో, ఇంట్లో ఇంతమంది ఉన్నారా! కూర్చోండర్రా" అంటూ పేకముక్కలు బయటికి తీసింది.

ఇంటాయన నెట్ ఆఫీసుకి ఫోన్ చేసి పెట్టాడో లేదో, గేటు దగ్గర బండి ఆగింది. నెట్ అబ్బాయి. ఆ పేటలో సగం ఇళ్లకి నెట్ పెట్టిందీ, పోతే బాగుచేసేదీ అతనే. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల.

"ఈ వీధి చివరే ఉన్నానండీ" అన్నాడు.

"పాపం, ఎప్పుడు పిలిచినా ఇట్టే వచ్చేస్తాడు" అంది ఇల్లాలు.

బయటి మెట్ల మీదుగా డాబా ఎక్కాడు. పిట్టగోడకి బిగించిన డబ్బాలో వైరు ఊడి ఉంది. కిందికొచ్చి, "కాస్త టైమ్ పడుతుందండీ" అన్నాడు.

"పట్టనీలే నాయనా. ముందు టీ తాగు. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో! పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?" అంది నానమ్మ.

ఆ మాట అతన్ని అడిగేది ఈ ఇంట్లోనే. మిగతా ఇళ్లలో తలుపు తీసి, "అదిగో, ఆ మూల" అని వేలు చూపించి, మళ్లీ ఫోనులో తల దూర్చేస్తారు. ఇక్కడ పేకాటకి ఒక చెయ్యి తక్కువైతే బలవంతంగా కూర్చోబెట్టేస్తారు. మనవడు తొండాట ఆడతాడు, మనవరాలు వాడి వీపు మీద ఒక్కటిస్తుంది, నెట్ అబ్బాయి కడుపు పట్టుకుని నవ్వుతాడు.

చివరికి డాబా ఎక్కి వైరు గుచ్చితే నెట్ వచ్చింది. వచ్చిన మరుక్షణం హాలు ఖాళీ. నానమ్మ ముక్కలు సర్దుకుంది.

ఇంటాయనకి మాత్రం ఓపిక నశించింది. "ప్రతి ఆదివారం ఇదే గోల! ఇంకొక్కసారి పోయిందంటే కంపెనీయే మార్చేస్తాను" అన్నాడు. అని ఊరుకోలేదు, తల్లి మీదికి తిరిగాడు. "అమ్మా, నిజం చెప్పు. ఆ వైరు నువ్వే లాగేస్తున్నావు కదూ?"

"ఈ మోకాళ్లతోనా? డాబా ఎక్కి వైర్లు పీకే వయసట్రా నాది!" నానమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మామ్మగారు కాదండీ, పావురాలు. వాటికి వేరే పనేముంది" అన్నాడు నెట్ అబ్బాయి గబగబా.

నానమ్మ అతనివైపు కాసేపు చూసింది.

మర్నాడు ఆఫీసులో మేనేజరు అతనికి చెవుల తుప్పు వదిలించాడు. "ఆ ఇంటినుంచి ఇంకొక్క ఫోనొచ్చిందా, నీ సంచీ ఇక్కడ పెట్టేసి నీ దారి నువ్వు చూసుకో!"

ఇంకో ఉద్యోగం అంటే మాటలా? ఆ సాయంత్రమే వెళ్లి కొత్త క్లిప్పులు బిగించాడు. డబ్బాకి తాళం వేశాడు. తాళంచెవి తెచ్చి నానమ్మ చేతిలో పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉంచండి మామ్మగారూ. ఇక నెట్ పోదు."

"అయితే నువ్వూ రావన్నమాట."

"పనుంటేనే కదండీ వచ్చేది."

నానమ్మ తాళంచెవిని కళ్లజోడు డబ్బాలో వేసుకుంది.

అన్నట్టుగానే నెట్ పోలేదు. ఒక ఆదివారం గడిచింది. ఇంకోటీ గడిచింది. నెట్ అబ్బాయి తన అద్దెగదిలో మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. పక్కగది మనిషి దగ్గితే తప్ప అలికిడి లేదు. ఫోను నిండా నంబర్లే, అన్నీ కస్టమర్లవే. నెట్ బాగున్నంతకాలం వాళ్లలో ఒక్కరికీ అతను గుర్తురాడు. ఇస్త్రీ చొక్కా మేకుకి వేలాడుతోంది. దిగులేసింది.

అంతలో ఫోన్ మోగింది.

"నాయనా, నెట్ పోయింది. తొందరగా రా" అంది నానమ్మ.

దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఆఫీసుకి ఫోన్ చేశారా మామ్మగారూ?"

"నీ నంబరుండగా ఆఫీసెందుకురా?"

చొక్కా తగిలించుకుని, బండి మీద పడుతూ లేస్తూ వెళ్లాడు. చిత్రం! ఇంట్లో ఎవరూ చిర్రుబుర్రులాడటం లేదు. అందరూ హాల్లో గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక చోటు ఖాళీ. దాని ముందు సాసరు మూతపెట్టిన టీ కప్పు. మనవడు పైకప్పు చూస్తూ ఈల వేస్తున్నాడు.

"తొందరేం లేదులేవయ్యా. రేపు బాగుచేసినా మునిగిపోయేదేం లేదు" అన్నాడు ఇంటాయన, ముక్కల్లోంచి తలెత్తకుండా.

అతను ఒక్క పరుగున డాబా ఎక్కాడు. తాళం తీసి ఉంది. వైరు ఊడి ఉంది. క్లిప్పులు ఎక్కడా పోకుండా పిట్టగోడ మీద వరసగా పేర్చి ఉన్నాయి. పావురాలకి ఇంత పద్ధతి ఎక్కడేడ్చింది?

"ఒరేయ్, దిగుతావా లేదా? నీకూ ముక్కలు వేసేశాం!" కిందినుంచి నానమ్మ కేకేసింది.

నవ్వూ, ఏడుపూ ఒక్కసారే వచ్చాయి అతనికి. ఇన్నాళ్లలో మొదటిసారి, ఆ వైరు ఊడదీసింది అతను కాదు.