వానకు పెట్టిన పలక

"ఏం రా సాంబా, అంటుకునేటందుకు ముహూర్తం జూస్తాందా?" అన్నాడు చేనేత సంఘం ప్రెసిడెంటు వెంకటరాజం. మూగిన జనం గొల్లున నవ్వారు.

సాంబమూర్తి కిరసనాయిలు స్టవ్వుకు మళ్లీ పంపు కొట్టాడు. మంట బుసకొట్టింది. దాని మీది మూరెడు పలక మాత్రం కాస్త నల్లబడి, అలిగిన అల్లుడిలా ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

రెండేళ్ల కింద కొత్తవాడలో మగ్గాల షెడ్డు గడ్డికప్పు నూలుతో సహా కాలిపోయింది. అప్పుడు హైదరాబాదు నుంచి ఒక ఏజెంటు దిగాడు. రంపపు పొట్టు, ప్లాస్టిక్కు కలిపి ఒత్తిన పైకప్పు పలకలు చూపించాడు. లోపల మందు ఉందట, నిప్పంటుకోదట. అందరూ మురిసిపోయారు, సాంబమూర్తి తప్ప. వాడలో మొదటి బియస్సీ అతనే. హనుమకొండలో కాలేజీ ల్యాబులో పని.

"ఆ మందు నీళ్లల్ల కరుగుతది పెద్దనాయినా. రెండు వానకాలాలు తడిస్తే అంత కొట్టుకపోతది. ఇగ కర్పూరం లెక్క మండుతది. కింద మనోళ్లుంటరు."

"అట్లనా," అన్నాడు వెంకటరాజం. "ఒక పలక నీ డాబా మీదనే పడెయ్. రెండు వానకాలాలు ఆగుదాం. కాలితే నీ మాట, కాలకుంటే నా కప్పు."

సాంబమూర్తి పలకను డాబా మీద ఏటవాలుగా నిలబెట్టాడు. తల్లి భాగ్యమ్మకు మరీమరీ చెప్పాడు. "అవ్వా, దీని మీద మనోళ్ల పానాలున్నయి. జర పైలంగ జూసుకో."

పొద్దున బస్సెక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. డాబా మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఎండుతూనే ఉండేది. మబ్బులు కమ్మి మొగులు పట్టిందంటే చాలు, భాగ్యమ్మ కొంగు దోపి మెట్లెక్కేదని పక్కింటి సోమక్క చెప్పేది. అయినా కూరలో బూజు పట్టిన మిరపకాయలే పడేవి. రాత్రి మోకాళ్లకు నూనె రాసుకుంటూ మూలిగే తల్లిని చూసి, మిరపకాయలకు ఇంత ఆరాటమా అని సాంబమూర్తి నవ్వేవాడు.

సెలవు రోజున పలకను తడిమి చూసేవాడు. ఎండకు రంగు వెలిసింది. పని జరుగుతోందని సంబరపడేవాడు.

తీరా రెండు వానకాలాలు దాటాక ఇవాళ ఇదీ సంగతి.

"బియస్సీ చదివి అగ్గి ముట్టియ్యరాకపాయె," అన్నాడు గుంపులోని ముసలి నేతగాడు కట్టయ్య. "బంద్ చెయ్ బిడ్డా. రేషన్ కిరసనాయిలు."

సాంబమూర్తి స్టవ్వు ఆర్పి, పెద్దలకు చేతులు జోడించాడు. "నేనే తప్పు జెప్పిన. కప్పేసుకోండ్రి."

ఎండలు ముదరకముందే కప్పు పడింది. దాని కింద మొదటి మగ్గం సాంబమూర్తి తండ్రిదే. కొబ్బరికాయ కొట్టిన నాడు వాడంతా జిలేబీలు తింటుంటే, అతనొక్కడు ఇంట్లో మూల కూర్చున్నాడు.

భాగ్యమ్మ పొట్లం విప్పి కొడుకు నోట్లో జిలేబీ ముక్క పెట్టింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, నీ పలకకే గద పేరొచ్చింది, రెండేండ్ల సంది మిర్పకాయలు నానినా నాననిచ్చిన గని, మొగులైతె ముందుగాల దాన్నే సంకల వెట్టుకొని ఇంట్లకు ఉరికొచ్చిన, ఒక్క సుక్క పడనియ్యలే."