మోదుగాకుల బొమ్మ

ముహూర్తం దగ్గరపడుతోంది. ఝాన్సీ మాత్రం గదిలోంచి కదలడం లేదు.

బయట అరుగు మీద పంతులు, ఇంటి పెద్ద లక్ష్ముడు తలలు పట్టుకుని కూర్చున్నారు. పెళ్ళికొడుకు ఇంకా పొలంలోని మోటారు షెడ్డులోనే ఉన్నాడు. వచ్చి తొమ్మిది రోజులైంది. పెళ్ళయ్యేదాకా అతను గడప తొక్కకూడదని, ఝాన్సీ అటు పోకూడదని పంతులు కట్టడి. చావు దాకా వెళ్ళొచ్చిన మనిషికి శాస్త్రం వేరే ఉందట. పొద్దున్నే అతని ఒంటికి నెయ్యి రాసి, తలకి పోసి, పసిబిడ్డకు చేసినట్టు పేరు పెట్టే తంతు కూడా చేయించాడు.

ఝాన్సీకి ఇవేవీ పట్టలేదు. ఆమె కోపమంతా నాలుగు నెలల నాటిది.

రాజాం పక్కనున్న ఈ ఊరి నుంచి ఆమె మొగుడు నరసింగరావు దక్షిణ ధ్రువం వైపు యాత్రికుల్ని తిప్పే ఓడలో పనికి చేరాడు. మంచుకొండల్నీ పెంగ్విన్లనీ చూడ్డానికి డబ్బున్న దొరలొస్తారు. వాళ్ళతో ఒక్క గడ్డిగింజ కూడా ఆ మంచు మీదికి పోకుండా ముందు వాళ్ళ బూట్లు కడగాలి. తర్వాత రబ్బరు పడవలో దించాలి. పుట్టినప్పట్నుంచి బురదలో నాట్లేసినవాడికి ఎలాంటి ఉద్యోగం దొరికిందో చూడమని ఫోన్లో నవ్వేవాడు.

ఆ పడవ ఒకరోజు బోల్తా పడింది. అందులో ఉన్నది పనివాళ్ళిద్దరే. నరసింగరావు, పాతపట్నం సోములు. ఒకడు స్పృహ లేకుండా దొరికాడు. కోటు మీది పేరు చూసి సోములని చెప్పారు. రెండోవాడి జాడే లేదని, ఆ నీళ్ళలో పావుగంట బతకడం కూడా గగనమని కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. పాతపట్నంలో సోములు తల్లి నూటెనిమిది కొబ్బరికాయలు కొట్టిందని విని ఝాన్సీ ఆవిణ్ణి కసిదీరా తిట్టుకుంది.

కొన్నాళ్ళు ఆగమని అందరి కాళ్ళూ పట్టుకుంది. ఎవరూ వినలేదు. కర్మ చెయ్యకపోతే ఆత్మ ఆ మంచులోనే తిరుగుతుందన్నారు. మోదుగాకులతో, దర్భలతో నిలువెత్తు బొమ్మ చేసి, దానికి అతని పేరు పెట్టి వల్లకాట్లో కాల్చారు. పదో రోజున లక్ష్ముడు దగ్గరుండి ఆమె గాజులు పగలగొట్టించాడు. ఓడవాళ్ళకు దొరికినవాడు తెలివొచ్చి, తను వేసుకున్నది సోములు కోటని చెప్పడానికి నెలన్నర పట్టింది. అప్పటికి ఇక్కడ అన్నీ అయిపోయాయి. కర్మ జరిగినవాడు తిరిగొస్తే మళ్ళీ పుట్టినట్టే లెక్కని, పెళ్ళి కూడా మళ్ళీ చెయ్యాలని పంతులు తేల్చాడు.

ఇప్పుడు అదే లక్ష్ముడు కొత్త గాజులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆగండని ఏడిస్తే ఇన్నావా మావా? మీరు సెప్పినప్పుడు ముండమొయ్యాల, మీరు సెప్పినప్పుడు పెళ్ళికూతుర్నవ్వాల. నాను మనిసిని కానా?"

లక్ష్ముడు గాజులు గడప మీద పెట్టి పక్కకు జరిగాడు. అత్త దేముడమ్మ వచ్చి కోడలి చేతులు పట్టుకుంది.

"మా మీద కోపం మా మీదే ఉంచుకోయే అమ్మా. నువ్వు పీటల మీద కూకోకపోతే ఆడు ఏటైపోతాడు, సెప్పు."

ఝాన్సీ విసురుగా లేచి నేరుగా షెడ్డుకు వెళ్ళింది. వెనక పంతులు వద్దంటున్నా ఆగలేదు.

అతను గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. చలికి చచ్చుబడిన వేళ్ళన్నీ తీసేశారు. కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. ఆమెను చూడగానే రెండు చేతులూ తువ్వాలు కింద దాచుకున్నాడు.

"ఆ నీళ్ళల్లో ఏటయినాది?" అని అడిగింది.

అతను మొహం మోటారు వైపు తిప్పుకున్నాడు.

"ఇద్దరం ఒక్క తాడే పట్టుకున్నాం. అది ఇద్దర్ని మొయ్యలేకపోనాది. ఆడే ఒగ్గీసినాడు."

ఝాన్సీ అక్కడే కూలబడి ఏడ్చింది. నాలుగు నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. తర్వాత లేచి, మోచెయ్యి పట్టుకుని అతన్ని తనే పీటల దగ్గరికి నడిపించుకొచ్చింది. బాజాలు లేవు. వచ్చింది పదిమందే.

పంతులు వరుడి పేరు చెప్పమన్నాడు. వల్లకాట్లో ఆ బొమ్మకు పెట్టి కాల్చిన పేరే అతను చెప్పాడు, నరసింగరావు.