అడ్డం పెట్టిన కంప

సుంకమ్మ చెడు నక్షత్రంలో పోయిందని, ఆరు నెలలు ఇల్లు విడవమన్నాడు పురోహితుడు. ఫోటోగ్రాఫరైన భర్త ఓబులేసు తలుపుకు తాళమేసి, అడ్డంగా ముళ్ళకంప పెట్టి, తల్లితో కర్నూలు పాతబస్తీ సందులో ఒక గదికి మారాడు. కొత్తగా రాజధాని అయిన ఊళ్ళో ఆ గది దొరకడమే గొప్ప.

ఈ సాయంత్రం మాత్రం కంప పక్కకు లాగి, తాళం తీసి, ఇంట్లోంచి పెరట్లోకి పోయాడు. సుంకమ్మ పెంచిన కనకాంబరాలు పూర్తిగా ఎండకముందే ఫోటో తీశాడు. రీలులో మిగిలిన చివరి ఫోటో, గది చేరేముందు సందులో తీశాడు.

"ఏమిరా, ఆ ఇంట్లోకి గాని పోయింటివా?" అంది తల్లి, పడుకునే ముందు.

"లేదుమా. గోడ మీద నుంచే తీసినా."

"కంప కదిలించొద్దు నాయనా. అది ఉండబట్టే ఆ పిల్ల ఆడ ఉండాది."

తిరిగి అడ్డం పెట్టానా? అతనికి గుర్తు రాలేదు.

కడిగి ఆరేసిన రీలు అర్ధరాత్రికి ఆరింది. లాంతరుకు ఎర్రకాగితం చుట్టి, మందునీళ్ళ పళ్ళెంలో ఫోటోలు కడిగాడు. మొదటిదాంట్లో పెరడు తేలింది. ఎండిన కొమ్మలు, బావి గిలక. ఎవరూ లేరు. ఆశపడినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

రెండోదాంట్లో సందు. చివర తమ గది తలుపు. దానికి తాళం. అడ్డంగా ముళ్ళకంప.

సాయంత్రం ఆ తలుపు తోసుకునే లోపలికి వచ్చాడు. అప్పుడు అక్కడ ఏమీ లేదు.

"అమ్మా," అన్నాడు. ఆమె ఊపిరి వినిపిస్తుందేమోనని చాలాసేపు ఆగాడు.

గడియ తీసి తలుపు లాగాడు. రాలేదు. బయట తాళం గలగలమంది. వెంటనే, ఎండు ముళ్ళు చెక్కమీద మెల్లగా గీసుకున్నాయి.