కానీ

జనరేటర్లన్నీ యజమాని గొంతు విని నడిచే రోజులవి. రామరాజు తన రొయ్యల చెరువు మీది ఇంజనుకూ ఆ గొంతు గుర్తుపట్టే పెట్టె పెట్టించాడు. మెకానిక్ ఏసేబు పెట్టె బిగించి, భీమవరంలో ఉన్న రాజు చేత ఫోన్‌లోనే రెండు అలవాటు మాటలు పలికించాడు. నడవడానికి "కానీ", ఆగడానికి "చాలు".

ఇంతలో కరెంటు పోయి, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగాయి. రాజు ఫోన్‌ తెర మీద రొయ్యలు గాలందక పైకి తేలుతున్నాయి.

"అయ్యిందేంట్రా?"

"ఇంజను ఫ్యాన్ ఎనకాల వైరు కడతన్నానండి. చెయ్యి లోపలే ఉందండి."

"పెళ్లికూతురి ముస్తాబేంట్రా? సరుకు పోతంది, తొందరగా కానీ!"

ఇంజను గర్జించింది. వెంటనే ఏసేబు కేక.

"ఆపండి బాబూ! ఆపండి!"

ఇంజను ఏసేబు మాట వినదు. రాజు "చాలు" అనాలి. రాజుకు గొంతు పెగల్లేదు.