వజ్రమ్మ మోకాలి బుష్షు

"కుడి మోకాలు కిర్రుమంటోందమ్మాయ్," అంటూ వజ్రమ్మ కుంటుకుంటూ ఆటోనగర్‌లోని మెకానిక్ షహనాజ్ షెడ్డుకి వచ్చింది. మోకాళ్ళలో గుజ్జు అరిగిన వాళ్ళందరికీ ఇనుప కాళ్ళు పెట్టేస్తున్న రోజులవి. లారీలకున్నట్టే ఆ కాళ్ళ కీళ్ళకీ రాపిడి ఆపే చిన్న గొట్టాల్లాంటి బుష్షులుంటాయి. అవీ అరుగుతాయి మరి! కంపెనీ వాళ్ళేమో కాలు మొత్తం మార్చాల్సిందేనన్నారు.

"కొత్త కాలు నా నడక నేర్చుకునేసరికి మిరపకోతలు అయిపోతాయే," అంది వజ్రమ్మ దిగులుగా.

షహనాజ్ మోకాలు తడిమి చూసింది. బుష్షు బిగుసుకుపోయింది. లారీదైతే సుత్తితో నాలుగు దెబ్బలేసి ఊడగొట్టేదే. కానీ ఇది నరాలతో కలిసిన కాలు, దెబ్బ పడితే ప్రాణం విలవిల్లాడిపోతుంది. అందుకే లారీల బుష్షులు మెల్లగా ఊడలాగే పుల్లర్‌నే అందుకుంది. మర తిప్పగానే దాని మూడు కొక్కేలూ దగ్గరకు జరిగి, చంటిపిల్ల వేలు పట్టుకున్నంత సుతారంగా బుష్షును పట్టుకున్నాయి. లారీ అయినా మోకాలయినా దానికి ఒకటే. ఏం పనిముట్టు!

వజ్రమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. "లాగేముందు చెప్పమ్మా."

"లాగేశా పెద్దమ్మా," అంటూ షహనాజ్ అరిగిన బుష్షును ఆమె అరచేతిలో పెట్టి, కొత్తది బిగించింది.

వజ్రమ్మ లేచి, మోకాలు కిర్రుమనకుండా బయటికి నడిచింది. చిన్నప్పుడు ఊడిన పాలపన్నును విసిరినట్టు, ఆ బుష్షును షెడ్డు కప్పు మీదికి విసిరింది. రేకుల మీద అది టంగుమంది.

"ఇదేమన్నా పన్నా పెద్దమ్మా, మళ్ళీ మొలవడానికి?" పకపకా నవ్వింది షహనాజ్.

"మొలిచిందిగా!" అంది వజ్రమ్మ మోకాలు తట్టి చూపిస్తూ.