కాపలావాడు అనని మాట

మార్చి పదకొండున సర్వేయరుగారు మధ్యాహ్నం తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. ఆ తేదీని ఆయన మరిచిపోలేదు. బుద్ధెరిగాక ఆయన అబద్ధమాడింది ఆ సాయంత్రమే.

“‘నీరు’ కాదండీ, ‘నీళ్లు’ అని ఉంటుంది. సరిగ్గా చూడండి,” అంది పై వాటా పెద్దావిడ, కుర్చీలో వెనక్కి వాలి.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. ‘నీళ్లు’ అనే ఉంది.

“చూపు పోయింది మీకో నాకో తెలియడం లేదు అక్కయ్యగారూ. ఇదెన్నిసార్లు చదివారేమిటి?”

“లెక్కపెట్టలేదు. పేజీ తిప్పండి.”

కింది వాటాలో ఆయన ఒక్కరే, భార్య పోయి నాలుగేళ్లు. పై వాటాలో ఆవిడ ఒక్కతే, చూపు పోయి రెండేళ్లు. నెల రోజులుగా సాయంత్రం గంటసేపు ఆయన నవల చదివి వినిపిస్తున్నారు. తనకు అక్కర్లేని దీపాన్ని ఆవిడ ఆయన కోసం ముందే వేసి ఉంచేది. తన కోసం ఒకరు దీపం వేసి ఉంచడం ఆయనకు మళ్ళీ ఇన్నాళ్లకు.

పుస్తకం అట్ట ఎప్పుడో ఊడిపోయింది, మొదటి నాలుగు పేజీలూ లేవు. అయినా ఆ కథ తెలియనివాళ్లు తక్కువ. లెక్కల డిగ్రీ చదివిన సర్వేయరుగారు నవలల జోలికి పోలేదు గాని, ఆయన భార్య కాలేజీ రోజుల్లో దాన్ని చదివి రెండు రోజులు ముద్ద ముట్టలేదట. అందులో కుట్టుపని చేసుకునే ఓ పిల్ల మీద, చెయ్యని దొంగతనాన్ని ఆమె యజమానురాలు మోపుతుంది. తెల్లవారుజామున వంతెన మీదికొచ్చి, చెప్పులు విప్పి పక్కన పెడుతుంది. పది అడుగుల దూరంలో వంతెన కాపలావాడు అదంతా చూస్తాడు. చూసి, మనకెందుకని తల తిప్పుకుంటాడు. అంతే.

ఇవాళ ఆ అధ్యాయం వచ్చింది.

“తప్పెవరిదంటారు?” అని ఉన్నట్టుండి అడిగింది పెద్దావిడ.

“ఇంకెవరిది? నింద వేసిన ఆ యజమానురాలిది.”

“ఆవిడ దుర్మార్గురాలు. తన పని తను చేసింది. మరి కాపలావాడో?”

“వాడేం చేశాడు పాపం? ఒక్క మాటైనా అనలేదు.”

“నేననేదీ అదే. ఒక్క మాటైనా అనలేదు.” ఆవిడ ముందుకు వంగింది. “రెండు ముక్కలు చాలు సర్వేయరుగారూ. ఆ పిల్ల ఆగిపోయేది. యాభై ఏళ్లుగా అదే తలుచుకుంటున్నాను.”

“పుస్తకంలో పిల్ల కోసమా!”

“నవ్వండి, ఫరవాలేదు. పోయేలోపల ఒక్కసారైనా ఎవరైనా దాన్ని ఆపితే వినాలని ఉంది.”

“అనాలంటే రాసినాయన్ని అనాలి,” అన్నారాయన, మాట తేలిక చెయ్యాలని. “కలం ఆయన చేతిలోనే ఉంది కదా!”

పెద్దావిడ తల పక్కకు తిప్పుకుంది.

“చదవండి,” అంది.

చదివారు. పిల్ల వంతెన ఎక్కింది. చెప్పులు విప్పింది. తరువాతి వాక్యం అచ్చులో నల్లగా, స్పష్టంగా ఉంది. కాపలావాడు తల తిప్పుకున్నాడు.

సర్వేయరుగారు ఆగారు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎవరు బతిమాలినా, ఎవరు బెదిరించినా కొలత గొలుసు అంగుళం జరపని మనిషి ఆయన. ఎదురుగా పెద్దావిడ కుర్చీ అంచుకు జరిగి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

“‘ఎక్కడికమ్మా ఇంత పొద్దున్నే?’ అన్నాడు కాపలావాడు,” అని చదివారాయన. “పిల్ల... పిల్ల ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ‘చలిగా ఉంది. చెప్పులేసుకో తల్లీ,’ అన్నాడు.”

ఆయన వేలు ఇంకా ఆ అచ్చు వాక్యం మీదే ఉంది.

“అలా ఉందా అక్కడ?”

“ఉందండీ.”

“ఏదీ, మళ్ళీ చదవండి.”

మళ్ళీ చదివారు.

“ఈసారి చలి సంగతి వదిలేశారే!”

“లైను తప్పానండీ.”

“సరే. వేసుకుందా మరి?”

“ఆఁ... వేసుకుంది.”

ఆవిడ చెంపల మీద తడి మెరిసింది. తుడుచుకోలేదు. “‘చెప్పులేసుకో తల్లీ.’ ఎంత మామూలు మాట! తట్టలేదు చూడండి,” అంది తనలో తను. “ఇంక చాలు, మూసెయ్యండి. రేపు ఇంకేదైనా చదువుకుందాం.”

పట్టుబడ్డానేమో అన్న బెరుకుతో ఆయన పుస్తకం అలమరలో పెట్టేశారు. ఆవిడ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

“మెట్లు చూసుకుని దిగు తమ్ముడూ,” అంది. ఎప్పుడూ లేనిది, తమ్ముడూ అని.

ఆయన ఆఖరి మెట్టు దిగేదాకా చెవి ఒగ్గి నిలబడి, ఆ రాత్రికి చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.

ఆ నవల రాసింది ఆవిడే.